ఇడిసే పొద్దు

బడిలో పి.టి. టీచరంటే అందరికీ లోకువే. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే ఈమధ్య కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు మా ఇంటికొచ్చి, "మేడం, స్టాఫ్ రూంలో మా మాటకు విలువ లేదు" అని ముఖాలు వేలాడేసుకుని కూర్చుంటున్నారు. విలువను ఎవరూ పళ్ళెంలో పెట్టి ఇవ్వరు నాయనా. సిలబస్ అవలేదని లెక్కల మాస్టారు నా పీరియడ్ ఎత్తుకుపోతే, మరుసటి వారం ఆయన పీరియడ్‌లో పిల్లలందరినీ గ్రౌండ్‌కు తోలుకుపోయిన దాన్ని నేను. మెడలో ఒక విజిల్, గొంతులో ఇంకో విజిల్. ఆ రెండింటితోనే రాయచూరులో ఒక ప్రైవేటు హైస్కూల్లో ఉద్యోగం మొత్తం నెట్టుకొచ్చాను.

గెలిచిన కప్పుల గురించి చెప్పమంటారు. అవి హెడ్ మాస్టారి గదిలో అద్దాల బీరువాలో ఉన్నాయి, వెళ్ళి చూసుకోండి. నేను చెప్పేది వేరే సంగతి. సముద్రం అవతల ఆకలితో అల్లాడుతున్న పిల్లల కోసం మా బడిలో విరాళాలు పోగుచేసిన సంగతి. అందులో ఒక రోజు నా పథకం మొత్తం తలకిందులైంది. తలకిందులవడమే మంచిదైంది.

మా బడిలో ప్రార్థన తర్వాత రోజుకొకరు వార్తలు చదవాలి. ఆ రోజు ఎనిమిదో తరగతి అమ్మాయి వంతు. ఎక్కడో దూరదేశంలో వానల్లేక, పైగా యుద్ధం వచ్చి, పిల్లలు తిండిలేక చనిపోతున్నారని చదివింది. మామూలుగానైతే వార్తలవగానే జనగణమన, ఆపైన వరసలో క్లాసులకు. ఆ పిల్ల మాత్రం మైకు వదల్లేదు. వరసలు సరిచేస్తున్న నా దిక్కు తిరిగి, "టీచర్, మనం ఏమన్న పంపొచ్చా?" అని అడిగింది. బడంతా వింటోంది. హెడ్ మాస్టారు గడియారం చూసుకుంటున్నారు. "ఎందుకు పంపొద్దు? పంపుదాం!" అన్నాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. మైకులో ఇచ్చిన మాట, వెనక్కి తీసుకోవడానికి లేదు. తీసుకునే అలవాటు కూడా నాకు లేదు.

ప్రార్థనయ్యాక హెడ్ మాస్టారు గదికి పిలిచారు. ఆయనది సింధనూరు దిక్కు, కాలువ కింది క్యాంపు. తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి వరి పండించుకుంటూ స్థిరపడిన కుటుంబం. ఇన్నేళ్ళు మా మధ్య ఉన్నా మాట మాత్రం గోదావరి నీళ్ళు తాగినట్టే ఉండేది.

"ఏవండీ టీచరుగారూ, మాటిచ్చే ముందు నన్నో ముక్క అడగాలా వద్దా అండీ?"

"అడిగితే వద్దంటరు గద సార్."

ఆయన ఒక క్షణం ఆలోచించారు. "అంటాను. నిజమే" అని ఒప్పుకున్నారు. నిజం చెప్తే కోపం తెచ్చుకోని మనిషి. అందుకే ఆయన దగ్గర పనిచేయడం నాకు ఇష్టం.

మొదటి ప్రయత్నం పాత పేపర్లు. ప్రతి పిల్లా ఇంట్లోని రద్దీ కాగితాలు తేవాలి, అమ్మి పంపుదాం అన్నాను. ముదగల్ నుంచి వచ్చి బంధువుల ఇంట్లో ఉండి చదువుకునే పిల్లవాడొకడు ఉత్సాహం పట్టలేక వాళ్ళ మామ పొలం కాగితాలు కూడా తెచ్చి కుప్పలో వేశాడు. ఆయన మధ్యాహ్నం చెప్పులు కూడా లేకుండా పరుగెత్తుకొచ్చాడు. సాయంత్రం దాకా టీచర్లమంతా రద్దీ కుప్పలో కూర్చుని వెతికాం. కాగితాలు దొరికాయి, రద్దీ కొనేవాడు మాత్రం చూసి చూసి వెళ్ళిపోయాడు.

రెండోది కబడ్డీ. టీచర్లకూ తండ్రులకూ పోటీ, చూడాలంటే టికెట్. ఊరు ఊరంతా వచ్చింది. వచ్చి, బడి గోడ మీద కూర్చుని చూసింది. గోడ మరీ పొట్టిది మరి. గోడెక్కడం చేతకాని ముసలివాళ్ళు మాత్రమే టికెట్ కొన్నారు. "మేడం, వచ్చింది పోస్టు ఖర్చులకు సరిపోతది" అని లెక్కల మాస్టారు వెక్కిరించాడు. ఆ వారం ఆయన పీరియడ్లు ఇంకో రెండు పోయాయనుకోండి.

అప్పుడొచ్చాడు మా బడి కమిటీ పెద్దమనిషి. పత్తి వ్యాపారి. బడికి స్థలం ఇచ్చింది ఆయన తండ్రే కాబట్టి ఆయన మాట చెల్లేది. మనిషి చెడ్డవాడు కాదు, చెయ్యి మాత్రం బిగువు.

"టీచరమ్మా, ఇంకొక్కసారి చూస్త. సక్కగ జరిగితే నీ ఇష్టమొచ్చిన దేశానికి పంపు. జరగకుంటే ఈ తమాషా బంద్. వచ్చింది గోడ ఎత్తు చేసేటందుకు పెడదాం. గా గోడ మీద ఊరంతా కూసున్నది, సూసినవు గద!" అన్నాడు.

మైకులో నేనిచ్చిన మాట గోడకు సిమెంటై పోతుందన్నమాట. ఆ ఎనిమిదో తరగతి పిల్ల రోజూ ప్రార్థనలో నా ముఖంలోకి చూసేది. ఏమీ అడిగేది కాదు, చూసేది. ఆ చూపుకు జవాబు చెప్పాలంటే మూడోసారి గెలిచి తీరాలి. సరే, గెలుద్దాం అనుకున్నాను.

మూడో పథకం నాకు గొప్పగా తోచింది. ఇప్పటికీ గొప్పదే అంటాను. ఒక రోజు పెద్ద తరగతుల పిల్లలెవరూ మధ్యాహ్నం డబ్బా తేకూడదు. ఆ పూట తినే అన్నం ఖరీదు హుండీలో వేయాలి. మధ్యాహ్నం గంట కొట్టగానే గ్రౌండ్‌లో మౌనంగా కూర్చుని, ఆకలి ఎలా ఉంటుందో కాసేపు తెలుసుకోవాలి. ఆపైన ఇంటికి. శ్రావణ సోమవారం ఎంచుకున్నాను. ఆ రోజు సగం ఇళ్ళలో ఎలాగూ ఉపవాసమే, తల్లులకు డబ్బా కట్టే పనీ తప్పుతుంది. ఒక్క దెబ్బకు రెండు పిట్టలు.

మా ఊళ్ళో ఏ సంగతైనా మూడు భాషల్లో చెప్పాలి. కన్నడ మేడం నోటీసు రాసింది: "ఉపవాస బిద్ద మక్కళిగాగి నమ్మ ఒందు హొత్తు." పస్తులున్న పిల్లల కోసం మన ఒక పూట అని అర్థం. కన్నడంలో ఆకలితో మాడడాన్నీ ఉపవాసమే అంటారు, దేవుడికి ఉండేదాన్నీ ఉపవాసమే అంటారు. తెలుగు ఇళ్ళకు చెప్పే పని నాది. ఒందు అంటే ఒక్క, హొత్తు అంటే పొద్దు. "మన ఒక్కపొద్దు" అన్నాను. మాటకు మాట, అచ్చుగుద్దినట్టు. అందులో తప్పెక్కడుందో ఏ పండితుణ్ణైనా వచ్చి చూపించమనండి. ఉర్దూ ఇళ్ళకు మా అటెండరు చాచా వెళ్ళి, "బచ్చే రోజా రఖ్ రయీం" అని చెప్పొచ్చాడు. పిల్లలు రోజా ఉంటున్నారని. అదీ తప్పు కాదు.

ఇక్కడ మా అత్తమ్మ సంగతి కొంచెం చెప్పాలి. మా మామగారు పోయాక ఇంటి పెత్తనమంతా ఆమెదే. నా గొంతు విజిలైతే ఆమెది ఫ్యాక్టరీ సైరను. ప్రతి శనివారం ఒక్కపొద్దు ఉండేది. సాయంత్రం ఒక్కపొద్దు ఇడవడానికి, అంటే ఉపవాసం విడవడానికి, ముందు పళ్ళెంలో ఇంత ఫలారం పెట్టుకుని వాకిట్లో నిలబడేది. దారిన పోయే మనిషినొకరిని పిలిచి తినిపించాకే తను ముద్ద ముట్టేది. ఎవరికో ఒకరికి పెడితే సరిపోదు, బొత్తిగా తెలియనివాళ్ళే కావాలి. ఎదురింటావిడ పనికిరాదు, పాలాయన పనికిరాడు. మా వీధిలో ఆమెకు తెలియని మనిషిని పట్టడమంటే మాటలా? వానొస్తున్నా గొడుగేసుకుని నిలబడేది. లోపల మా ఆయన ఆకలికి నసుగుతుండేవాడు, ఆమె ఇడిస్తే తప్ప ఇంట్లో ఎవరూ కూర్చోకూడదు మరి.

"ఎవరైతేంది అత్తమ్మా? పక్కింటామెకు పెట్టి లోపలికి రారాదూ" అంటే, "తెలిసినోళ్ళకు పెడితే బదులే. రేపు వాళ్ళు మల్ల పెడ్తరు. తెల్వనోళ్ళకు పెడితేనే పెట్టినట్టు" అనేది. ఎందుకని అడిగితే, "నీకెందుకు, నీ పని నువ్వు జూస్కో" అనేది. చాదస్తం అనుకుని ఊరుకున్నాను.

ఆమెతో నేను పొద్దున చాయ్ తాగుతూ, "సోమారం మా బడి పిల్లలంత ఒక్కపొద్దుంటరు అత్తమ్మా" అన్నాను. అంతే అన్నాను. ఆమె ముఖం వెలిగిపోయింది. "అంతమంది పిల్లలా! మొదటి ఒక్కపొద్దా! అవ్వ, ఎంత మంచి మాట జెప్పినవే" అంది. మెచ్చుకుంది కదా అని నేను పొంగిపోయాను. మా అత్తమ్మ నన్ను మెచ్చుకోవడం అరుదు.

సోమవారం వచ్చింది. పొద్దునంతా పని గడియారంలా నడిచింది. హుండీలో పిల్లలు వరసగా వేశారు. కమిటీ పెద్దమనిషి ఇస్త్రీ పంచెతో వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. మధ్యాహ్నం గంట కొట్టారు. విజిల్ ఊదాను. పిల్లలు గ్రౌండ్‌లో వరసలుగా, చేతులు కట్టుకుని, మౌనంగా కూర్చున్నారు. చెప్పొద్దూ, అంత అందమైన వరసలు గణతంత్ర దినోత్సవానికి కూడా రాలేదు. హెడ్ మాస్టారు నా దిక్కు చూసి తలూపారు.

అప్పుడు గేటు దగ్గర సైరను మోగింది. మా అత్తమ్మ!

"ఏమే, పిల్లలెక్కడ? ఒక్కపొద్దు ఇడిపియ్యాలె గద, తెరువుండ్రి గేటు!"

ఆమె వెనక మా వీధి, మా వీధి వెనక పక్క వీధి, భజన చేసే ఆడవాళ్ళు మొత్తం. సగ్గుబియ్యం ఉప్మా గిన్నెలు, ఉడకబెట్టిన కందగడ్డలు, అరటిగెలలు, పల్లీల ముద్దలు, పాలు. పసిపిల్లలు ఒక్కపొద్దుంటే సాయంత్రం దాకా ఆగక మధ్యాహ్నానికే ఇడిపించాలట, ఇడిపించిన వాళ్ళకు పుణ్యమట. ఇంతలో ఇంకో దిక్కునుంచి బురఖాల్లో తల్లులు. వాళ్ళ చేతుల్లో ఖర్జూరాలు, షీరా, పైగా పూలదండలు! వాళ్ళ ఇళ్ళల్లో పిల్లలు తొలి రోజా ఉంటే దండ వేసి వేడుక చేస్తారు, చిన్నవాళ్ళకైతే మధ్యాహ్నానికే ఇడిపిస్తారు. మౌనంగా కూర్చోబెట్టిన నా వరసల్లోకి జొరబడి ఎవరి పిల్లలని చూడకుండా దొరికిన మెడకల్లా దండ వేసేశారు. చిక్కసూగూరు నుంచి వచ్చిన ఒక తల్లికి ఈ గొడవేదీ తెలియదు. పిల్లలకు బడిలో అన్నం లేదన్నారని, పాపం, బస్సులో మిర్చీ బజ్జీల బుట్ట పెట్టుకుని వచ్చింది.

నేను విజిల్ ఊదుతూనే ఉన్నాను. ఎవరు వింటారు? ఆకలి తెలుసుకోవాల్సిన పిల్లలు మెడలో దండలతో, రెండు బుగ్గల్లో రెండు అరటిపండు ముక్కలతో పెళ్ళికొడుకుల్లా కూర్చున్నారు.

"చాచా, నువ్వేం జెప్పినవ్ వాళ్ళకు?" అని అరిచాను.

"నేనేం తప్పు జెప్పిన మేడం? రోజా అని జెప్పిన. మీరేం జెప్పిన్రు?"

"ఒక్కపొద్దని చెప్పిన."

"మరి!" అన్నాడు చాచా. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. కన్నడ మేడం పక్కకు తిరిగి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది.

హెడ్ మాస్టారు పరుగున వచ్చారు. "ఏంటండీ ఇదీ? ఆకలి దినం అన్నారు. అన్నదానంలా ఉందేంటండీ?"

కమిటీ పెద్దమనిషి కుర్చీలోంచి లేవనే లేచాడు. అతని కళ్ళు గోడ మీదికి వెళ్ళడం చూశాను. గోడ మీద అప్పుడే జనం ఎక్కి కూర్చుంటున్నారు.

నా బుర్ర వెంటనే పనిచేసింది. ఇంత తిండి వచ్చిందంటే అది కూడా విరాళమే కదా! బడి ముందు రోడ్డు, రోడ్డు నిండా బస్సులు, పత్తి బండ్లు. అమ్మేద్దాం. "అందరు వినుండ్రి! తినకుండ్రి! ఇదంత గేటు కాడ అమ్మకానికి పెడుదాం, వచ్చింది హుండీల వేద్దాం" అని కేక పెట్టాను.

మా అత్తమ్మ గిన్నె కింద పెట్టింది. కొంగు నడుముకు చుట్టింది. "ఏందీ? ఒక్కపొద్దు ఫలారం అమ్ముతవా? మల్లొకసారి అను!"

"మంచి పనికే గద అత్తమ్మా."

"మంచిపనైతే నీ మెడల గొలుసు అమ్ము. పిల్లల నోటికాడి కూడు అమ్ముడేంది? నీకు సిగ్గు లేకుంటే నాకుంది."

బడి పిల్లలందరి ముందు, వాళ్ళ తల్లుల ముందు, గోడ మీది జనం ముందు అత్తాకోడళ్ళ పోట్లాట. పిల్లలకు ఇంతకంటే పండగేముంది? నేనూ తగ్గలేదు, ఆమె తగ్గే మనిషే కాదు. చివరికి కమిటీ పెద్దమనిషి మా ఇద్దరి మధ్యకు వచ్చి చెయ్యెత్తాడు.

"సాలు టీచరమ్మా, సాలు. నేను ముందే చెప్పిన. ఇగ బంద్. హుండీల పడ్డది బడికే పెడదాం. నేనొక్క మాట అడుగుత, తప్పనుకోకు. మన ఊళ్ళె ఆకలి లేదా? బస్టాండ్ల పోయి చూడు, మూటలు కట్టుకొని గుళే పోతున్నరు జనం. పొట్ట చేత పట్టుకొని ఊర్లకు ఊర్లే వలస పోతున్నరు. గాళ్ళను ఇడిసి సముద్రం అవతలోళ్ళకు పంపుడేంది? వాళ్ళు మనకేమైతరు?"

ఆ మాట నాకు గుచ్చుకుంది. అబద్ధమైతే అక్కడే తిప్పికొట్టేదాన్ని. మా జిల్లాలో గుళే సంగతి ఎవరికి తెలియదు? మా క్లాసుల్లోనే పండగ తర్వాత బెంచీలు ఖాళీ అవుతాయి. అయినా మాటిచ్చాను కదా. వరసలో కూర్చున్న ఆ ఎనిమిదో తరగతి పిల్ల మెడలో దండ తీసి ఒళ్ళో పెట్టుకుని నన్నే చూస్తోంది. ఏం చెప్పాలా అని నోరు తెరిచేలోపల మా అత్తమ్మే అందుకుంది.

"ఏమైతరని అడుగుతున్నవా?" అంది పెద్దమనిషితో. "నేను జెప్త, ఇను."

సైరను లాంటి ఆ గొంతు ఆ రోజు అంత మెల్లగా రావడం నేను ఎప్పుడూ వినలేదు. దగ్గరున్న వాళ్ళు ఇంకా దగ్గరికి జరిగారు.

"నా కొడుకు చంటి పిల్లగాడు. వానల్లేకపాయె. జొన్న మొలకలల్లనే మాడిపాయె. నాకు తిననీకి లేదు, నేను తినకుంటే పిల్లగానికి పాలెట్లొస్తయి? రొమ్ములు ఎండిపాయె. వాడు ఏడ్చుడు గూడ బంద్ చేసిండు. ఏడ్వకుంటే పాణం ఆగిపోతున్నట్టని మా అత్త గుండె కొట్టుకునేది. గప్పుడు ఊళ్ళె గంజి పోసే కాడికి డబ్బాల పాలపొడి వచ్చింది. డబ్బ మీద ఏం రాసిందో, నాకు చదువు రాదు. సముద్రం అవతల ఎవరో పంపిండ్రన్నరు. వాళ్ళకు రాయచూరు యాడుందో తెల్సా? నా కొడుకు పేరు తెల్సా? నేను వాళ్ళకు ఏమైత?"

ఆగింది. నా దిక్కు వేలు చూపించింది.

"ఆ పొడి కలిపి తాపితే బతికిండు. ఈమె మొగడే."

నములుతున్న పిల్లలు నమలడం ఆపేశారు. నేను ఇంతసేపూ విజిల్ ఊది తేలేని మౌనం అది.

"పిల్లలు ఒక్కపొద్దున్నరంటే నేను సంబరపడొస్తి" అంది అత్తమ్మ. "ఒక్కపొద్దుకు ఇడిసే పొద్దుంటది. మాపటికి ఇంత తింటమని తెలిసే ఉంటం. ఆ కరువుల మేమున్నది ఒక్కపొద్దు గాదు బిడ్డా. దానికి ఇడిసే పొద్దు లేకుండె. తెల్వనోళ్ళు ఎవరో ఆ పొద్దు పంపిండ్రు."

 పెద్దమనిషీ ఆమె ఈడువాడే. "ఎర్రజొన్నలు గూడ వచ్చినయి" అన్నాడు మెల్లగా. "ఓడల మీద వచ్చినయి. రొట్టె కొడితే ఇరిగిపోతుండె. ఆ దేశంల గవి పశువులకు పెడ్తరని మా అమ్మ ఏడ్చుకుంట పెడ్తుండె."

"తింటివా లేదా?" అంది అత్తమ్మ.

"తింటి."

"మల్ల?"

 పెద్దమనిషి పైపంచెతో ముఖం తుడుచుకున్నాడు.

నా సంగతి అడగండి. ఇన్నేళ్ళు ఆమెతో ఒకే వంటింట్లో ఉన్నాను. ఈ మాట నాకు చెప్పలేదు. నా మొగుడికీ చెప్పలేదు. చెప్పుకుని ఏడ్చే మనిషి కాదు. వానలో గొడుగేసుకుని, తెలియనివాళ్ళ కోసం వాకిట్లో ఎందుకు నిలబడేదో అప్పుడు తెలిసింది. ఆమెది చాదస్తమని ఎన్నిసార్లు అనుకున్నానో తలుచుకుంటే ఏడుపొచ్చింది. అంతమంది ముందు ఏడవడం ఇష్టం లేక విజిల్ నోట్లో పెట్టుకున్నాను. ఊపిరి అందక అది కూయ్‌మని చిన్నగా మోగింది. పిల్లలు దాన్నే సైగ అనుకుని లేచి నిలబడ్డారు.

లేచారు కదా, ఇంక ఆలోచించేదేముంది? ఆట మధ్యలో బంతి చేతికొస్తే మనం చేసేది అదే కదా. "వినుండ్రి!" అన్నాను. "ఎవరు ఒక్క ముద్ద గూడ తినొద్దు, ఇంక. తిన్నోళ్ళు తిన్నరు, సరే. ఫలారం అమ్మేది లేదు. గేటు తెరుస్తం. రోడ్డు మీద మీకు తెల్వనోళ్ళు ఎవరుంటె వాళ్ళకు తీస్కపోయి పెట్టుండ్రి. వాళ్ళు తిన్నంకనే మనం ఒక్కపొద్దు ఇడుస్తం. ఎందుకు పెడ్తున్నరని అడిగితే ఎందుకో చెప్పుండ్రి. హుండి గేటు కాడ ఉంటది. అడగొద్దు. వేస్తె వద్దనొద్దు."

అత్తమ్మ దిక్కు చూశాను. ఆమె గిన్నె చేతికెత్తుకుంది. "ఇప్పుడు జెప్పినవ్ సరిగ్గ" అంది. అంతకంటే పెద్ద మెచ్చుకోలు నా ఉద్యోగంలో ఇంకొకటి లేదు. సర్టిఫికెట్లు చాలా ఉన్నాయి లెండి.

ఆ తర్వాత జరిగింది చూడాల్సిందే. దండలేసుకున్న పిల్లలు ఉప్మా గిన్నెలతో రోడ్డు మీద పడ్డారు. పత్తి బండ్లు ఆగాయి. ఆటోలు ఆగాయి. లింగసుగూరు బస్సు డ్రైవరు, "ఏన్రీ ఇదు, జాత్రెనా?" అని బండి ఆపి, కందగడ్డ తింటూ కిటికీలోంచి పిల్లలు చెప్పేది విని, కండక్టర్ని దించి హుండీ దగ్గరికి పంపాడు. సగం మంది ఫలారం చేతిలో పెట్టుకుని, "ఏ దేశం? ఎంత దూరం?" అని అడుగుతుంటే, భూగోళంలో ఎప్పుడూ పాసవని పిల్లలు దిక్కులు చూపించి మరీ చెబుతున్నారు. కమిటీ పెద్దమనిషి పంచె ఎగ్గట్టి గేటు మధ్యలో నిలబడి పోయేవాళ్ళను చెయ్యి పట్టుకుని లోపలికి లాగుతున్నాడు. మార్కెట్‌లో బేరం కోసం మనుషుల్ని లాగే అలవాటు ఆయనకుంది కదా, అది ఆ రోజు పనికొచ్చింది.

బస్టాండు దిక్కు మూటలతో నడిచిపోతున్న ఒక కుటుంబం కనిపించింది. గుళే పోతున్నవాళ్ళే. వాళ్ళను ఎవరూ పిలవకముందే ఎనిమిదో తరగతి పిల్ల పరుగెత్తి, చెట్టు నీడన కూర్చోబెట్టింది. ఆకులో ఉప్మా పెట్టింది. ఆ తల్లి ముందు తన బిడ్డకు తినిపించి, తర్వాత ఈ పిల్ల దిక్కు చూసి, "నీను తిందియేనవ్వా?" అని కన్నడంలో అడిగింది, నువ్వు తిన్నావా తల్లీ అని. "ఇల్ల, నీవు తిందమేలే నావు" అంది మా పిల్ల. మీరు తిన్నాకే మేము అని. ఆ తల్లి గబగబా రెండు ముద్దలు తినేసి, "ఆయ్తు, ఈగ తిన్ను", అయింది ఇప్పుడు తిను అని, ఆ పిల్ల నోట్లో తన చేత్తో ఒక ముద్ద పెట్టింది. పెద్దమనిషి అది చూశాడు. తను అడిగిన ప్రశ్నలో సగానికి జవాబు ఆయనకు అక్కడ దొరికి ఉంటుంది.

ఎంత వచ్చిందని అడుగుతారు మీరు. చెప్పను. రావాల్సినంత వచ్చింది, పంపాల్సిన చోటికి పోయింది. గోడ మాత్రం ఇప్పటికీ పొట్టిదే.

ఆ సాయంత్రం మా ఆయనకు సంగతంతా చెప్పాను.  ఆయన పొట్ట తడుముకుని, "డబ్బా పాలు తాగే ఇంత పెరిగిన్నా!" అన్నాడు. నవ్వాడో ఏడ్చాడో, రెండూనో. శనివారం సాయంత్రం అమ్మ కంటే ముందు ఆయనే వాకిట్లో నిలబడ్డాడు. అత్తమ్మ లోపలినుంచి, "తెలిసినోళ్ళను పిలిచేవు, జాగ్రత్త!" అని కేక పెట్టింది.

మరుసటి ఏడు నోటీసు రాసేటప్పుడు కన్నడ మేడం నా దగ్గరికి వచ్చి, "ఈసారి ఏం మాట వాడదాం? నీ అనువాదం అంటే భయం నాకు" అంది. నా అనువాదంలో తప్పు లేదని మళ్ళీ చెప్పాను. అయినా ఈసారి మాట సిద్ధంగా ఉంది. "ఇడిసే పొద్దు" అన్నాను. కన్నడంలో ఉపవాస బిడువ హొత్తు. చాచా, "రోజా ఖోల్నే కా వఖ్త్" అన్నాడు. మూడు భాషల్లోనూ అర్థం ఒక్కటే అయింది. ఆ పేరుతోనే నేను రిటైరయ్యేదాకా ప్రతి శ్రావణంలో జరిపాం. ఆ రోజు పిల్లలు డబ్బా తేరు, తల్లులు ఫలారం తెస్తారు, తెలియనివాళ్ళు ముందు తింటారు, హుండీలో పడ్డది మాత్రం ఊరు దాటి పోతుంది. హెడ్ మాస్టారు ప్రతి ఏడూ, "ఏవండీ, ఈసారైనా ముందే చెప్పండీ" అనేవారు. ప్రతి ఏడూ చివర్న అందరికంటే ఎక్కువ కందగడ్డలు తినేది ఆయనే.

కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళకు నేను చెప్పేదొకటే. పథకం బాగా వేయండి. తలకిందులైతే తిట్టుకుంటూ కూర్చోకండి. తలకిందులు చేసిన మనిషి ఎవరో, ఎందుకు చేసిందో కనుక్కోండి. మీ ఇంట్లోనే ఉండొచ్చు.

అత్తమ్మ ఇప్పుడు లేదు. శనివారాల ఒక్కపొద్దు నాకు ఇచ్చి పోయింది. మొన్న శనివారం పళ్ళెంతో వాకిట్లో నిలబడ్డాను. మా వీధిలో నాకు తెలియని మనిషిని పట్టడం అత్తమ్మకంటే నాకే కష్టం. సగం ఊరు నా దగ్గర డ్రిల్లు చేసినవాళ్ళే. ఎవరిని పిలిచినా, "నమస్తే టీచర్" అంటున్నారు. లోపల మా ఆయన నసుగుతున్నాడు. చివరికి కరెంటు మీటరు చూసే కొత్తాయన ఒకడు వచ్చాడు. తుర్విహాళ నుంచి ఈ నెలే బదిలీ అయ్యాడట. పిలిచి పీట వేసి, పళ్ళెం చేతికిచ్చాను. ఆయన కంగారుపడ్డాడు.

"అదేంటమ్మా, నేనెవరో మీకు తెలీదు కదండీ."

"తెల్వదు గాబట్టే పిలిచిన" అన్నాను. "తిను నాయనా. నువ్వు తింటేనే మాకు ఇడిసే పొద్దు."